అరవై నోళ్ళు

లెక్కలమ్మ అసలు పేరు దంతవైద్య కళాశాలలో జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ ముద్దుపేరు పెట్టింది అన్నయ్య. ఆరేళ్ళప్పుడు ఆమె ఊడిన పాలపళ్ళన్నీ అగ్గిపెట్టెలో దాచుకుని రోజుకు మూడుసార్లు లెక్కపెట్టుకునేది. పదేళ్ళు పెద్దవాడైన అన్నయ్య చడీచప్పుడూ లేకుండా వచ్చి ఒకటి మాయం చేసేవాడు. లెక్క తగ్గిందని ఆమె ఇల్లు పీకి పందిరేస్తే, "మా లెక్కలమ్మని ఎవరూ మోసం చెయ్యలేరు బాబూ" అని నవ్వి, పిడికిలి తెరిచి పన్ను తిరిగిచ్చేవాడు. తర్వాత అతను పళ్ళ డాక్టరయ్యాడు, ఆమె గణాంకాలు చదివింది. ఇద్దరూ ఒకే కాలేజీలో ఉద్యోగానికి చేరితే, ఆ పేరు కూడా వెంట వచ్చింది.

గణాంక విభాగం అన్నది బోర్డు మీది మాట. చూడబోతే మూడో అంతస్తు చివర, పాత ఎక్స్‌రేలు పడేసే గది పక్కన ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక కాలు పొట్టి కుర్చీ. ఆ కుర్చీ ముందుకొచ్చి పెద్ద పెద్ద డాక్టర్లు చేతులు కట్టుకుని నిలబడేవారు. "మేడమ్, నాలుగు వందల పళ్ళ మీద పరిశోధన చేశాను" అని ఒకాయన ఛాతీ విరుచుకుని వస్తే, "ఎంతమంది నోళ్ళలో?" అని అడిగేది. "ఇరవై మంది." అంతే, ఆయన పని అయిపోయినట్టే.

"నాకు పళ్ళు వద్దండీ, నోళ్ళు కావాలి" అనేది. ఒక నోట్లో ఇరవై పళ్ళుంటే ఇరవై మంది సాక్షులున్నట్టు కాదు. అవన్నీ ఒకే ఇంటివాళ్ళు. ఒకే తిండి తింటాయి, ఒకే ఉమ్మిలో నానుతాయి, ఒకే దవడ కింద నలుగుతాయి. ఒకటి పాడైతే పక్కవి కూడా పాడయ్యే దారిలోనే ఉంటాయి. ఇంట్లో అందరిచేతా ఒకే మాట చెప్పించి, చూశారా ఇరవై మంది ఒప్పుకున్నారు అంటే ఎవడు నమ్ముతాడు? అందుకని ఆమె లెక్కల్లో ప్రతి నోటికీ దాని గుణం దానికుంటుంది. ఈ నోట్లో ఫిల్లింగులు మామూలు కంటే ఎంత తొందరగా ఊడతాయి, ఎంత ఆలస్యంగా ఊడతాయి అన్నది ముందు తేల్చాలి. ఆ తర్వాతే ఏ ఫిల్లింగు మంచిదో మాట్లాడాలి. నోటికీ నోటికీ ఉండే తేడా వేరు, ఒకే నోట్లో పంటికీ పంటికీ ఉండే తేడా వేరు. ఆ రెండూ కలిపేసిన వాళ్ళను ఆమె క్షమించేది కాదు.

అన్నయ్య ఎనిమిదేళ్ళు కష్టపడి ఒక కొత్త ఫిల్లింగు తయారుచేశాడు. దాన్ని పాతదానితో పోల్చి మూడేళ్ళు పరీక్షించారు. అరవై మంది, ఒక్కొక్కరికి నాలుగు పళ్ళు, ముప్పై మందికి కొత్తది, ముప్పై మందికి పాతది. ఎవరికి ఏది అన్నది లెక్కలమ్మ సీలు వేసిచ్చిన కవరు తెరిస్తేనే తెలుస్తుంది. అరవైలో ఒక్క నోరు తగ్గినా ఫలితం తేలదని ఆమె ముందే చెప్పింది. ఇంటివాళ్ళెవరూ పరీక్షలో ఉండకూడదన్నది ఇంకో షరతు. రెండింటికీ అన్నయ్య బుద్ధిమంతుడిలా తలూపాడు.

మూడేళ్ళు గడిచాయి. కొత్త ఫిల్లింగు గెలిచింది, అది కూడా బ్రహ్మాండంగా. పాతవి నూట ఇరవైలో ముప్పై ఒకటి ఊడితే, కొత్తవి పదహారే. సోమవారం లెక్కలమ్మ సంతకం పెడితే కాగితం పైకి వెళ్తుంది. ఆ వెంటనే బడిపిల్లల దంతశాలలన్నిట్లో కొత్తదే వాడతారు, అన్నయ్య విభాగాధిపతి అవుతాడు. శుక్రవారం కాలేజీలో అప్పుడే ఇద్దరు ముగ్గురు అతన్ని "పెద్దసారూ" అని పిలిచేశారు. అతను వద్దు వద్దంటూనే పలికాడు.

సంతకానికి ముందు ఆమెకు ఒక అలవాటుంది. అరవై నోళ్ళకూ అరవై గీతలు గీసి, ఫిల్లింగు ఊడిన ప్రతి రోజునా ఒక చుక్క పెట్టి, ఆ కాగితాన్ని గోడకు అంటించి, టీ తాగుతూ చూస్తుంది. కంప్యూటరుకు కనబడనివి కొన్ని కంటికి కనబడతాయని ఆమె నమ్మకం. శుక్రవారం మధ్యాహ్నం కూడా అలాగే చూస్తూ, బాగా చెడ్డ నోళ్ళను పైకి, మంచి నోళ్ళను కిందికి సర్దింది. మొదటి నాలుగు గీతలూ పాత ఫిల్లింగువే. పదిహేడు, ముప్పైమూడు, నలభైఎనిమిది, యాభైఆరు. వాటి చుక్కలు ఒకదాని కింద ఒకటి నిలువునా నిలబడి ఉన్నాయి.

ఒకే నోట్లో పళ్ళు కలిసి ఊడితే వింత లేదు. ఒకరికొకరు మొహం కూడా తెలియని నలుగురికి అదే వారం, మళ్ళీ ఆరు నెలలకు అదే వారం, మళ్ళీ అదే వారం ఎందుకు ఊడతాయి? ఆ డబ్బాలోని ఫిల్లింగు మందే పాడైందేమో అనుకుంది. చూస్తే అదే డబ్బాది వేసుకున్న మిగతావాళ్ళు నిక్షేపంగా ఉన్నారు.

నలుగురి కాగితాలూ తీసి బల్ల మీద పరిచింది. నలుగురూ ఆడవాళ్ళే, అందరికీ అరవైమూడుకు అటూ ఇటూ. ఒకామెకు ఫిల్లింగులన్నీ పైవరస కుడివైపు. ఇంకొకామెకు పైన ఎడమవైపు. మూడో ఆమెకు కింద ఎడమ, నాలుగో ఆమెకు కింద కుడి. ఏ పన్నూ రెండుసార్లు రాలేదు. లెక్కలమ్మ కాగితాలను జరిపి, పై రెండు పైన, కింది రెండు కింద పెట్టింది. బల్ల మీద ఒక నోరు తయారైంది.

కింది కాగితంలో ఎడమ చివరి దవడ పన్ను లేదని రాసుంది. ఆ ఖాళీ ఆమెకు బాగా తెలుసు. ఆగస్టు పదకొండున నాలుగింట్లోనూ కలిపి అయిదు చుక్కలున్నాయి. ఫోనులో ఆ తారీఖు తెరిచి చూసింది. "సగంరోజు సెలవు. అమ్మ, పన్ను నొప్పి, అన్నయ్య దగ్గరికి" అని తనే రాసుకుంది. ఆ రోజు ఆటోలో అమ్మ తల తన భుజం మీద పెట్టుకుని, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

అమ్మ లెక్కలమ్మతోనే ఉంటుంది. నిద్రలో పళ్ళు నూరుతుంది, పక్కగదిలోకి వినబడేంత గట్టిగా. మూడేళ్ళ కిందటే లెక్కలమ్మ ఆ మాట అన్నయ్యకు చెప్పింది. "వయసులే, ఏం కాదు. నేను చూసుకుంటాగా" అన్నాడు. అన్నయ్య చూసుకుంటానంటే ఇంక చూసుకునే పని తనకేముంది అనుకుంది. బయటి డాక్టర్ల కాగితాలైతే పేషెంట్ల ఇళ్ళకు ఫోన్లు చేసి మరీ సరిచూసే మనిషి, అన్నయ్య పంపిన అరవై కాగితాల్లో ఒక్కదానికీ ఫోను చెయ్యలేదు. ఆ సిగ్గు అందరికంటే ముందు ఆమెకే తెలిసింది.

కిందికి దిగి వెళ్ళేసరికి అన్నయ్య గదిలో పేషెంట్లెవరూ లేరు. చేతులు కడుక్కుంటున్నాడు. గాజు బీరువాలో, ఎప్పుడూ ఉండే చోటే, నిద్రలో పళ్ళు నూరేవాళ్ళు పెట్టుకునే పంటి తొడుగుల డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఆమె నాలుగు కాగితాలూ బల్ల మీద అలాగే అమర్చింది.

అతను ఒక్క చూపు చూసి నవ్వాడు. "నిన్ను మోసం చెయ్యలేమని చిన్నప్పుడే అన్నాను కదే."

"నవ్వకు అన్నయ్యా."

"నలుగురు మొదటి నెల్లోనే మానేశారు. నువ్వేమో ఒక్క నోరు తగ్గినా కుదరదని కూర్చున్నావు. కొత్తవాళ్ళని ఎక్కణ్ణుంచి తేను? అమ్మకి ఎలాగూ పళ్ళన్నీ అరిగిపోయాయి, ఫిల్లింగులు వెయ్యాల్సిందే. ఖాళీల్లో రాశాను. నీకు నోళ్ళే కదా కావల్సింది?"

"ఒక్క నోటిని నాలుగు చేశావ్. అవి ఊడితే పాత మందు నలుగురి దగ్గర ఓడిపోయినట్టు రాశావ్. అమ్మని తీసేస్తే పాతవి నూటనాలుగులో పదిహేడే ఊడాయి. నీ కొత్తదానికీ దానికీ తేడా ఏముంది, చెప్పు?"

"తేడా ఉందే. నాకు తెలుసు. ఇంకో రెండేళ్ళు చూస్తే నీ లెక్కలో కూడా తేలుతుంది. నా కళ్ళతో నేను చూస్తున్నానుగా."

ఆమె బీరువా వైపు చెయ్యి చూపింది. "మూడేళ్ళుగా ఆ తొడుగు అమ్మకి ఎందుకివ్వలేదు?"

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. పొడిగా ఉన్న చేతుల్ని ఎంతసేపు తుడుస్తాడు? ఖాళీలు నింపడానికి అమ్మను రాయడం తొందరపాటు అనుకోవచ్చు. తొడుగు ఇస్తే ఆ ఫిల్లింగులు ఊడవు. ఊడకపోతే తను గెలవడు. అమ్మ బాధపడిన ప్రతిసారీ గోడ మీద అతనికి కావలసిన చుక్క ఒకటి పడింది. ఇదంతా లెక్కలమ్మకు ఒక్కసారిగా అర్థమైంది.

"అన్నయ్యా, అమ్మ నోరు అది."

"అమ్మకి తెలుసు" అన్నాడు మెల్లగా. "అడిగే చేశాను."

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. అమ్మ వంటింటి గట్టు దగ్గర రొట్టె ముక్కను పాలలో నానబెట్టుకుని తింటోంది. ఏడాదిగా గట్టివేవీ తినడం లేదు. కూతుర్ని చూసి, "ఇంత పెందలాడే వచ్చావేం?" అంది.

"అన్నయ్య పరీక్షలో నువ్వున్నావా అమ్మా?"

అమ్మ చెంచా గిన్నెలో పెట్టేసింది. "చెప్పేశాడా? నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

"ఎందుకొప్పుకున్నావు?"

"ఎందుకేమిటే, నీకోసమే కదా! చెల్లి లెక్కకి నలుగురు తక్కువయ్యారు, పెద్దవాళ్ళ ముందు దాని పరువు పోతుంది, నువ్వు కాస్త ఓర్చుకోవాలి అన్నాడు. పళ్ళదేముంది, ఎలాగూ పోయేవే. కుదిరిందా మరి నీ లెక్క?"

అన్నయ్య అబద్ధం చెప్పాడన్న బాధ ఒక ఎత్తు, ఆ అబద్ధాన్ని తన పేరు మీద చెప్పాడన్న బాధ ఒక ఎత్తు. మూడేళ్ళు అమ్మ దవడ పట్టుకుని మూలుగు మింగుకున్నది కొడుకు కోసమైతే లెక్కలమ్మ తట్టుకునేదేమో. కూతురి కోసం అనుకుని మింగుకుంది. లెక్కలమ్మ అక్కడే కింద కూలబడి, అమ్మ చీరలో మొహం పెట్టుకుని ఏడ్చింది. అమ్మ తల నిమురుతూ, "కుదరలేదా ఏం?" అని కంగారుగా అడిగింది.

సోమవారం ఆమె కాగితం ఇచ్చింది. నోళ్ళు యాభైఆరు. కొత్త ఫిల్లింగు మెరుగని చెప్పడానికి ఆధారం లేదు. వివరణ రాయాల్సిన చోట, "పదిహేడు, ముప్పైమూడు, నలభైఎనిమిది, యాభైఆరు ఒకే మనిషి. ఆమె మా అమ్మ. పేషెంట్లను సరిచూడకపోవడం నా తప్పు" అని రాసి సంతకం పెట్టింది. సాయంత్రానికి అన్నయ్య గది తలుపు మీద తాళం పడింది. మెట్ల దగ్గర ఎదురైనప్పుడు అతను ఆమె మొహం వైపు చూడకుండానే, "అగ్గిపెట్టెలో పన్ను ప్రతిసారీ తిరిగిచ్చానే నీకు" అన్నాడు. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఆ వారమే అమ్మను ఊరి అవతల ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, వాళ్ళింట్లో ఎవరికీ తెలియని మనిషి. అమ్మ నోట్లో అద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "అయ్యో, ఇంతగా నూరుతుంటే ఎప్పుడో తొడుగు పెట్టాల్సిందమ్మా! మీ డాక్టరు చెప్పలేదా?" అంది.

అద్దం బయటికి తీసేదాకా ఆగి, అమ్మ పెదాలు తుడుచుకుంది. కుర్చీ పక్కన నిలబడ్డ కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చెప్పాడు తల్లీ. మొదటి రోజే చెప్పాడు, చేతికి కూడా ఇచ్చాడు. నేనే పెట్టుకోలేదు. మంచి డాక్టరే ఆయన."

డాక్టరమ్మ తలూపి, ఆ మాట కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. అమ్మ పట్టు ఇంకా బిగిసింది. కొడుకు పేరు పరాయి కాగితం మీదైనా చెడకూడదన్న పట్టు అది. లెక్కలమ్మకు ఆ మాత్రం తెలుసు. ఒక్క క్షణం ఊరుకుందామనే అనుకుంది.

"చెప్పలేదండీ" అంది చివరికి. "తొడుగు ఇవ్వలేదు. అది కొట్టేయండి."

అమ్మ ఆమె చెయ్యి వదిలేసింది.