గుర్తు లేని అరుగు

పెట్టెలో తుమ్మబొగ్గులు కణకణలాడుతున్నాయి. నర్సింగమ్మ చూపుడువేలు నాలుకకు తాకించి తడి చేసుకుని, ఇస్త్రీపెట్టె అడుగున ఇట్టే తగిలించి తీసింది. చుయ్‌మంది. ఇంకా కాస్త ఆగాలి. ఈ వేడికి నూలు చొక్కా తట్టుకుంటుంది గానీ టెర్లిన్ అయితే ముడుచుకుపోతుంది. పెట్టెను అరుగు అంచున దించి, గొంగడి మీద పరిచిన తెల్లబట్టను అరచేత్తో సాపు చేసింది. పెట్టె దించే ఆ చోట రాయి ఏళ్ల తరబడి కాలి కాలి నల్లబడింది. ముక్కు కూచిగా, వెనక వెడల్పుగా, అచ్చం పెట్టె అడుగు ఆకారమే. ఆమె కళ్లు మూసుకుని దించినా పెట్టె అక్కడే కూర్చుంటుంది.

మనిషి పొట్టి. బరువు మోసీ మోసీ కుడిభుజం కాస్త కిందికి జారింది. ముంజేతుల నిండా కాలిన మచ్చలు. బంగారు ముక్కుపుడక ఎప్పుడో పోయింది, ఆ కన్నంలో ఇప్పుడు చీపురుపుల్ల ఉంది. నల్గొండ పాతబస్తీలోని ఈ కమాన్ గల్లీకి కొత్తకోడలిగా వచ్చిన నాటినుంచీ ఆమె చేస్తున్నది ఒకటే పని. గల్లీలో ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు చిక్కిపోయారో వాళ్ల ఇంట్లోవాళ్లకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. చొక్కా గుండీలు అబద్ధమాడవు కదా.

ఈ పొద్దు ఆమె ముఖంలో ఒక కళ ఉంది. దొంగతనం చేసి దొరక్కుండా బయటపడ్డ మనిషి ముఖంలో ఉండే కళ.

సంగతేమిటంటే, కల్వకుర్తిలో చెల్లెలు బక్కమ్మ మనవరాలి పెళ్లికి పోయి మొన్ననే తిరిగొచ్చింది. వచ్చి చూస్తే అరుగు ముందు ముఖాన ఎర్రరంగుతో ఇంత సున్న చుట్టి ఉంది. ఎర్రగుర్తుకు అర్థం ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో పెద్దరోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆమె ఇంటి గోడ మీద ఇలాగే ఎర్రగా గీసిపోయారు. పెనిమిటి భిక్షం ఉండబట్టలేక పోయి, కూలుస్తారా అని అడిగాడు. ఔనన్నారు. అన్నట్టే కూల్చారు. ఇల్లు పోయాక మనిషి నిలవలేదు, ఆ వానకాలం దాటలేదు.

అప్పటినుంచి ఆమెకు పడుకోవడానికి ఒక కిరాయి గది, బతకడానికి ఈ అరుగు. నిజానికి అరుగూ ఆమెది కాదు. హైదరాబాదులో ఉండే రాంచందర్‌ది. ఆయన ఇంటికి వేసిన తాళానికే తుప్పు పట్టింది. అయినా రాంచందర్ ఇల్లెక్కడ అంటే గల్లీలో ఎవరూ చెప్పలేరు, నర్సింగమ్మ అరుగంటే చిన్నపిల్లలైనా చూపిస్తారు. ఇంత పెద్ద లోకంలో ఆమె పేరుతో ఉన్న జాగా అదొక్కటే.

అందుకే ఈసారి ఎవరినీ అడగలేదు. అడిగితేనే కదా ఔననేది! నిన్న పొద్దుగూకే వేళ కిరసనాయిలు గుడ్డతో ఆ సున్నను తుడిచింది, ఇటుకపెడ్డతో రుద్దింది, ఎర్రమన్నుతో అలికి పైన ముగ్గుకర్రలు లాగింది. పండుగకు అలికినట్టే కుదిరింది. ఎవరూ చూడలేదు.

గల్లీకి మళ్లీ ప్రాణం పోస్తున్నారని ఆమెకూ సంతోషమే. గులాబ్‌బీ మనవరాలు సమీరా, బడిలో పంతులమ్మ, ఏడాదిగా ఇంటింటికీ తిరిగి అందరినీ కూడగట్టింది. కమాన్ మీద మొలిచిన రావిమొక్కలను వేళ్లతో సహా పీకించి, డంగుసున్నం పూయించింది. తాను పెళ్లిబండిలో దాని కింది నుంచి వచ్చిన నాడు కమాన్ ఇంత తెల్లగా ఉండేదని నర్సింగమ్మకు గుర్తు. ఇక మిగిలింది గల్లీలో బండలు పరిచి, మురుగు పారడానికి కొత్త మోరీ కట్టడం. అడ్డమొచ్చే అరుగులు తీసేస్తారని, కొన్ని ఉంచుతారని పెళ్లికి పోకముందే విన్నది. ఏవి ఉంచుతారో తేలేలోపు ఆమె బస్సెక్కింది.

మూట విప్పి గులాబ్‌బీ తెల్ల చున్నీ తీసింది. నీళ్లు చిలకరించి దాని కొంగు సవరిస్తుంటే మూలన చిన్న నల్ల గుర్తు కనపడింది. నెలవంక, దాని కింద చుక్క. పెనిమిటి భిక్షం పెట్టిన గుర్తే. జీడిగింజను సూదితో గుచ్చి, ఆ రసంతో ఇంటింటి బట్టకూ ఒక గుర్తు పెట్టేవాడు. పానగల్ చెరువులో ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు పోయేది కాదు. అక్షరం రాని నర్సింగమ్మ ఊరందరి గుర్తులు చదివేది. ఒక్కనాడూ ఒకరి బట్ట ఇంకొకరి ఇంటికి పోలేదు. ఆమె బొటనవేలితో నెలవంకను ఒకసారి నిమిరి, దాని మీదుగా పెట్టెను మెల్లగా జరిపింది.

ఎదురు అరుగు మీద గడియారాలు బాగుచేసే ఖుద్దూస్ దుకాణం తెరిచాడు. ఆయన అరుగుకూ ఎర్రసున్న ఉంది. ఆయన మాత్రం ఈల వేస్తున్నాడు.

"నర్సింగమ్మా, పెండ్లి మంచిగైందా? ఇగ మనకేం ఫికర్ లేదు పో! చాయ్ చెప్పాల్నా?"

"మల్ల తాగుత అన్నా," అని ఆమె తల దించుకుంది. పాపం, ఎరుకలేదేమో అనుకుంది. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే తన తుడుపు సంగతి బయటపడుతుంది. మింగేసింది.

ఎండ కమాన్ దిగి గల్లీలోకి వచ్చేసరికి మట్టిపనివాళ్లు గడ్డపారలతో దిగారు. వాళ్ల మేస్త్రి మారయ్య బీడీ పట్టుకుని అరుగు దగ్గరికొచ్చాడు.

"జర నిప్పియ్యమ్మ."

ఆమె పట్టుకారుతో బొగ్గు తీసి అందించింది. "ఏ ఊరు బిడ్డా?"

"కోస్గి దిక్కు."

"దూరంకెళ్లే వచ్చిండ్రు. మరి గుర్తులు చూస్కొనే పని జేస్తరు గదా?"

"గంతేనమ్మ. గుర్తు తప్పితే మా మీదికొస్తది."

నర్సింగమ్మ గొంతు గట్టి చేసుకుంది. "మరి మంచిగ చూస్కో. గీ అరుగుకు గుర్తు లేదు."

మారయ్య వంగి ముందు ముఖం చూశాడు. పక్కకు పోయి చూశాడు. "ఔ, లేదు. గిది నువ్వు కూసునేదేనా?"

"నాదే."

"మరి నీకు తెల్సా, గుర్తు లేదని?"

"నేనే చెప్పవడ్తి గద! లేదు. మల్ల మల్ల చూసుడెందుకు?"

మారయ్య ఆమె వంక కొంచెం వింతగా చూశాడు. పొగ వదిలి, "సరే అమ్మ. నీ సామాను జర అవతలికి తీస్కో, దుమ్ము పడ్తది," అన్నాడు.

మంచి మనిషి అనుకుందామె. గొంగడి మడిచి, బొగ్గులు గుమ్మరించి, పెట్టెతో సహా అన్నీ ఖుద్దూస్ అరుగు పక్కన పెట్టింది. ఇస్త్రీ అయిన మూటలు నెత్తికెత్తుకుని ఇళ్లకు బయలుదేరింది. భుజం నొప్పి కూడా తెలియలేదు. గులాబ్‌బీ ఇంట్లో చున్నీ ఇస్తూ నవ్వింది కూడా. ముసలామె పెట్టిన ఖర్జూరం పండ్లు కొంగున ముడేసుకుని, దారిలో ఒకటి నోట్లో వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి మధ్యాహ్నం దాటాక తీరిగ్గా వెనక్కి వచ్చింది.

అరుగు లేదు.

ఉన్నచోట పొడుగాటి గుంత. అడుగున తడిమట్టిలో తూము గొట్టాలు అప్పుడే దించేశారు. అరుగు రాళ్లు గోడవారన పేర్చి ఉన్నాయి. నిన్న అలికిన ఎర్రమన్ను వాటికి ఇంకా అంటుకునే ఉంది. ఎదురుగా ఖుద్దూస్ అరుగు చెక్కుచెదరలేదు, దాని ఎర్రసున్న అలాగే ఉంది. నమాజుకు పోయి అప్పుడే తిరిగొచ్చిన ఖుద్దూస్ గుంత వైపే చూస్తున్నాడు. ఖర్జూరం గింజ నోట్లో ఉందన్న సంగతి ఆమె మరిచిపోయింది.

బడి నుంచి పరుగున వచ్చిన సమీరా మారయ్య మీద విరుచుకుపడుతోంది. "గుర్తున్నయి ఉంచమని చెప్తే ఏం జేసినవ్? గీ అరుగుకు నేనే నా చేతుల్తో గుర్తు పెట్టిన!"

"లేదమ్మ. నేను రెండు దిక్కుల చూసిన. నమ్మకపోతే గా అమ్మనడుగు, ఆమెనే చూపెట్టింది లేదని."

సమీరా తిరిగి చూసింది. నర్సింగమ్మ గింజను చేతిలోకి ఉమ్మి పిడికిలి బిగించింది.

"గాయన్ని ఏమనకు బిడ్డా. నేనే తుడిచిన."

"ఎందుకవ్వా!"

"ఎర్రగ ఉండె గద."

సమీరాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే గుంత గట్టున కూలబడింది. "గది ఉంచే గుర్తవ్వా. నీ అరుగు పోవద్దని అందరికంటె ముందు నీదానికే పెట్టిన. నువ్వు కల్వకుర్తి పోతివి, వచ్చినంక చెప్దామనుకున్న. మా ఇంట్ల ఎర్రడబ్బనే మిగిలుండె..."

"నువ్వేం జేస్తవు బిడ్డా. కొరివితోని నెత్తి నేనే గోక్కున్న."

"మల్ల కట్టిపిస్త."

మారయ్య తల అడ్డంగా ఊపాడు. గొట్టాల మీద అరుగు నిలవదు. సమీరా ఇస్త్రీబండి కొనిపిస్తానంది, కమాన్ పక్కన జాగా ఇప్పిస్తానంది, ఇంకా ఏవేవో అంది. నర్సింగమ్మ అన్నిటికీ "సరే బిడ్డా" అంది. ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టడానికి అనే సరే అది. తర్వాత ఖుద్దూస్ వైపు తిరిగి, "నిన్ను చూసి పాపం అనుకున్న అన్నా," అంది. ఆయనకు ఏమీ బోధపడలేదు. ఆమె నవ్వబోయింది గానీ నోరు వంకరపోయి ఏడుపే వచ్చింది. భిక్షం పోయిన నాడు కూడా ఆమె నడివీధిలో ఏడవలేదు.

ఆ సాయంత్రం ఇంకా ఇస్త్రీ కాని మూటలు కూడా ఎవరివి వాళ్లకు చేరిపోయాయి. ముడతలతోనే వచ్చిన బట్టలు చూసి గల్లీలో ఆడవాళ్లు రేపు అడుగుదామనుకున్నారు. మర్నాడు ఆమె కిరాయి గదికి తాళం ఉంది. కల్వకుర్తి బస్సెక్కుతుంటే ఎవరో చూశారట. చంకలో ఇస్త్రీపెట్టె తప్ప ఏమీ లేదట.

సమీరా అన్న ఇస్త్రీబండి వచ్చింది. ఖుద్దూస్ దాన్ని కొన్నాళ్లు తుడిచి పెట్టాడు. చలి మొదలవకముందే బక్కమ్మ ఫోన్ చేసింది. అక్క నిద్రలోనే పోయిందని, జబ్బంటూ ఏమీ లేదని, ఊరికే గోడ వైపు తిరిగి కూర్చునేదని చెప్పింది. సమీరా ఆ పూట బడికి పోలేదు. ఇంట్లో మిగిలిన ఎర్రరంగు డబ్బాను తీసుకుపోయి చెత్తబండిలో పడేసి వచ్చింది.

కమాన్ గల్లీ ఇప్పుడు చూడముచ్చటగా ఉంది. ఆదివారాలు జనం ఫొటోలు దిగడానికి వస్తారు. అరుగుల రాళ్లను వృథా పోనివ్వకుండా మారయ్య మోరీ మీద మూతలుగా పరిచాడు. ఏ బండకైనా నున్నటి ముఖం పైకి పెట్టడం మేస్త్రీల పద్ధతి. ఆయన అదే చేశాడు. రాంచందర్ ఇంటి ముందు, వచ్చేపోయే కాళ్ల కింద, ముక్కు కూచిగా, వెనక వెడల్పుగా, ఆ నల్ల గుర్తు ఇంకా ఉంది.