అమ్మ బొమ్మకు తెలియని బావి

"కొళంబులో ఉప్పే లేదు" అన్నాడు నాయన, పులుసు కలిపిన ముద్ద ఇంకా నోట్లో పెట్టుకోకముందే. అమ్మ ఉప్పు గిన్నె తెచ్చి ఆయన పక్కన పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత నా చదువు మాట వచ్చింది. నేను పది పాసయ్యాను. కంప్యూటర్ గ్రూపు కావాలంటే తమిళ సీమలోని మా తళవాయిపురం నుంచి బస్సెక్కి రాజపాళయం పోవాలి. శుక్రవారంతో అడ్మిషన్ అయిపోతుంది. "అంత దూరం ఏంటికి? నోరు లేని పిల్ల. బస్సులో ఎవడైనా ఒక మాటంటే ఏడ్చుకుంటా వస్తాది. పుట్టుకే అట్ల, వాళ్ళమ్మ మాదిరి" అన్నాడు నాయన. ఆయన పక్కనే తింటున్న బొమ్మక్క అవ్వ, ఆయన కన్నతల్లి, తల ఊపింది. అమ్మ కూడా అవునన్నట్టు నవ్వింది. పుట్టుకే అయితే ఇంక చేసేదేముంది అనిపించింది.

సెలవుల్లో అమ్మ ఫోనులో ఒక ఆట ఆడుతున్నాను. అందులో మనమే ఒక ఇల్లు కట్టి, మనుషుల్ని చేసి పెట్టాలి. ఆ తర్వాత వాళ్ళంతట వాళ్ళే బతుకుతారు. జరిగిందంతా వాళ్ళకు జ్ఞాపకంగా నిలిచిపోతుంది. ఒకే రకం జ్ఞాపకాలు ఎక్కువైతే మనిషి గుణమే మారిపోతుంది. నేను మా ఇంటినే కట్టాను. అమ్మ బొమ్మకు గుణం 'ధైర్యం' అని పెట్టాను. నాయన బొమ్మకు 'రుచి చూసి తినేవాడు' అని పెట్టాను. అంతే. కొన్నాళ్ళకు తలుపు చప్పుడైతే చాలు, అమ్మ బొమ్మ పొయ్యి దగ్గరికి పరిగెత్తడం మొదలుపెట్టింది. నాయన బొమ్మ తింటున్నంతసేపూ అది గోడ పక్కన నిలబడుతోంది. దాన్ని నొక్కి చూస్తే, ధైర్యం ఉన్నచోట 'భయస్తురాలు' అని ఉంది. నేను మార్చలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను కొట్టలేదు. ఆమె జ్ఞాపకాలు మాత్రం అన్నీ ఒకటే. వంట బాగాలేదన్నారు. వంట బాగాలేదన్నారు.

మర్నాడు మధ్యాహ్నం చిన్న ఉల్లిపాయలు ఒలుస్తూ అమ్మ ఫోనులోకి తొంగిచూసింది.

"ఎవరు పాపా అది? నేనా? గోడకాడ ఏంటికి నిలబడుండాది? కూర్చోమని చెప్పు."

"నేను చెప్తే వినదమ్మా. దానికి జ్ఞాపకం ఉండేదాన్నిబట్టే నడుచుకుంటాది."

అమ్మ చేతిలోని ఉల్లిపాయ పక్కన పెట్టి ఆ బొమ్మనే చూసింది. "పాపం, దానికి మంసాపురం తెలీదు కదా" అంది.

మంసాపురం అమ్మ పుట్టిన ఊరు. అక్కడి సంగతి అమ్మే చెప్పింది. "ఈత నేర్పేదానికి మా నాయన నా నడుముకు ఎండు సొరబుర్ర కట్టి తోట బాయిలో దించినాడు. దినమూ కట్టేవాడు. ఒక దినం ఈదుకుంటా పోయి తిరిగి చూస్తే సొరబుర్ర ఆయన చేతిలో ఉండాది! ఎప్పుడు విప్పినాడో నాకు తెలీనే లేదు." ఆ తర్వాత బావి పక్క మోటారు రూము మిద్దె మీద నుంచి దూకేదట. మగపిల్లలు అంచున నిలబడి జంకుతుంటే "జరగండిరా" అని తోసుకుని దూకేదట. చెబుతుంటే నేల మీద అమ్మ కాలివేళ్ళు నీళ్ళలో ఉన్నట్టు కదులుతున్నాయి. పెళ్ళైన కొత్తలో మా తోట బావిలో కూడా ఒకసారి దూకింది. "కొత్త కోడలు బాయిలో దూకేదా? ఊరు నవ్వుతాది" అంది అవ్వ. "ఇంట్లో నీళ్ళు లేవా?" అన్నాడు నాయన. ఆ తర్వాత అమ్మ ఆ బావి దగ్గరికి పోయింది కూలివాళ్ళకు కాపీ ఇవ్వడానికే.

ఆటలో పాత జ్ఞాపకం చేర్చే వీలుంది. ఇంటి వెనక ఒక బావి కట్టి, అమ్మ బొమ్మకు మంసాపురం చేర్చాను. సాయంత్రానికి ఆ బొమ్మ పొయ్యి మీద గిన్నె వదిలేసి నీళ్ళ వైపు నడిచింది. కూర మాడిపోయింది. "పోనీలే, మాడనీ!" అని అమ్మ పగలబడి నవ్వింది. అమ్మ అట్లా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు అన్నాల దగ్గర నాయన మళ్ళీ అదే మాట ఎత్తాడు. "పుట్టుకే..."

"పుట్టుక కాదు" అంది అమ్మ. "నేను మిద్దె మీద నుంచి బాయిలో దూకినదాన్ని."

"నువ్వా! ఎప్పుడు?"

"మీరు మరిచిపోయినారు. నేను మరవలేదు. శుక్రవారం పిల్లను నేను పిలుచుకుని పోతాను."

నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ తన కంచంలోకి చూస్తూ, "దూకింది రా. చేప మాదిరి. నేనే కదా వద్దంటిని" అంది. నాయన ఆ పూట ఉప్పు అడగలేదు.

శుక్రవారం రాజపాళయం బడి ఆఫీసులో బల్ల వెనకున్న ఆయన తలెత్తకుండానే పేరేంటి, ఏ గ్రూపు అని తమిళంలో అడిగాడు. అమ్మ చెయ్యి నా వీపు మీద ఉంది. అమ్మే చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "అభినయ. కంప్యూటర్ గ్రూపు" అన్నాను. ఆయనకు వినబడలేదు. మళ్ళీ గట్టిగా చెప్పాను. ఊరు అడిగితే చెప్పాను. మార్కులు అడిగితే చెప్పాను. అప్పుడు తిరిగి చూశాను. అమ్మ తలుపు బయట ఎండలో నిలబడి ఉంది. చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు తెలియనే లేదు.