గడ్డి బిరడా

మెడ కింది గుండీ ఈ రోజు కూడా పట్టలేదు. షాంగ్ గడ్డం పైకెత్తి, వేళ్లతో తడుముతూ దాన్ని కాజాలోకి నెట్టాడు. అది సగం దూరి మళ్లీ బయటికి జారింది. కొండమీది ఊళ్లను చూడటానికి వచ్చేవాళ్ల ముందు వేసుకోమని యాత్రల కంపెనీ కుట్టించిన నైలాన్ కోటు అది. వానకు ఒంటికి అంటుకుంటుంది, ఎండకు ఉడకబెడుతుంది. నీలిమందులో ముంచి, గుడ్డు తెల్లసొన పూసి, మెరుపు వచ్చేదాకా కొయ్య సుత్తితో బాదిన అసలు కోటు పెట్టెలో ఉంది. దాన్ని కుట్టిన భార్య న్యాంగ్ కిందటేడాది చలికాలంలో పోయింది.

"సరే, నీ ఇష్టం. అలాగే ఏడువు," అని గుండీతో అని, దాన్ని వదిలేశాడు. ఎడమ భుజం లాగింది. కోటు బిగుతని తిట్టుకున్నాడు.

పొయ్యి పైన గోడకు వేలాడుతున్న బూరను దించాడు. బుడ్డిలాంటి కొయ్యలో గుచ్చిన ఆరు వెదురు గొట్టాలు పొగకూ చేతి చెమటకూ తేనెరంగు తేలాయి. ఊదే నోట్లో గట్టిగా చుట్టిన గడ్డి బిరడా ఉంది. నాట్లు ముగిసిన రోజున ఊళ్లో బూర ఊదేవాళ్లందరూ ఎవరి మడి దగ్గర వాళ్లు నిలబడి, పాత గడ్డి మెలితిప్పి ఇలా బిరడా పెట్టుకుంటారు. కొత్త బియ్యం ఉడికే రోజున, పెట్టిన చేతితోనే దాన్ని తీయాలి. ఈ మధ్యలో బూర పలకకూడదు.

"పైరంటే పెళ్లీడు పిల్ల. బూర వినబడితే పని వదిలేసి ఆటకి పరిగెడుతుంది. ఇంక కంకిలో పాలెవరు పోస్తారు, నువ్వా?" అనేది న్యాంగ్. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ మాటకు నవ్వేవాడు. ఎదురుగా నవ్వడానికి మనిషి లేకపోయాక నమ్మడం మొదలుపెట్టాడు.

మెట్ల దారిన దిగుతూ తన మడి దగ్గర ఆగాడు. గట్టు మీద నలుగురు యాత్రికులు వరసగా నిలబడి ఫొటో తీయించుకుంటున్నారు. వాళ్ల కాళ్ల కింద మట్టి పెళ్లలుగా విరిగి నీళ్లలో పడుతోంది.

"అమ్మా, దిగండి. అది గట్టు, బెంచీ కాదు."

"ఒక్క నిమిషం తాతా! నువ్వు కూడా వచ్చి మధ్యలో నిలబడు. ఆ బూర కొంచెం పైకెత్తు. నవ్వు మరి!"

నవ్వలేదు. వాళ్లు వెళ్లేదాకా నిలబడి, బూరను రాయికి ఆనించి, వంగి, విరిగిన చోట బురద మెత్తాడు. లేచేసరికి కళ్లు తిరిగాయి. నిన్న కూడా ఇక్కడే మెత్తాడు. రేపూ మెత్తాలి. ఈ దేశంలో ఇన్ని కొండలుంటే వీళ్లందరికీ తన గట్టే దొరికింది.

ఊరి వాకిట్లో అప్పటికే సందడి మొదలైంది. తగరపు కిరీటాలు పెట్టుకున్న ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్ల నోటికి ఎద్దుకొమ్ముతో బియ్యపు సారా అందిస్తున్నారు. కొమ్మును చేత్తో ముట్టుకోకుండా ఒక గుక్క తాగితే లోపలికి పోవచ్చు. ముట్టుకుంటే కొమ్మంతా ఖాళీ చేయాలి. ఆ మాట ఎంత చెప్పినా ఎవరో ఒకరు ముట్టుకోవడం మామూలే. ఈ రోజు ఒక లావుపాటి పెద్దమనిషి రెండు చేతులా పట్టుకున్నాడు.

"పట్టుకున్నాడే! వదలకండే!" అని ఆడవాళ్లు కేకలు పెట్టారు. "ఇంటికెళ్లే దారి ముందే అడిగి పెట్టుకో మామయ్యా, తరవాత నోరు తిరగదు!"

వాకిలి స్తంభానికి కట్టిన స్పీకరులో బూరల పాట మొదలైంది. షాంగ్, అతని ఈడువాడు గావ్, మరో నలుగురు వరసగా నిలబడి, బిరడాలు పెట్టిన బూరల వెనక బుగ్గలు ఉబ్బించి, నడుములు ఊపారు. పాట వాళ్లదే. చలికాలంలో షాంగ్ తమ్ముడి కూతురు మెయ్‌లాన్ రికార్డు చేసి పెట్టుకుంది. కంపెనీ తరపున ఊళ్లో ఈ వ్యవహారమంతా చూసేది ఆమే. కంపెనీకి ఏడాది పొడుగునా పాట కావాలి, పెదనాన్నకేమో పైరు కాలంలో మౌనం కావాలి. ఇద్దరికీ మధ్య ఆమె కుదిర్చిన రాజీ ఈ స్పీకరు.

పాట మధ్యలో ఒక చోట షాంగ్ దగ్గు వినబడుతుంది. రోజూ అక్కడ అతని మొహం ముడుచుకుపోతుంది.

"వచ్చిందిరా నీ దగ్గు," అన్నాడు గావ్, పెదవులు కదపకుండా. "పాటకంటే అదే బాగుంది."

"ఆ ముక్క కోసెయ్యమని ఆ పిల్లకి ఎన్నిసార్లు చెప్పాలి?"

మధ్యాహ్నం కొండ వెనక ఉరిమి వాన దిగింది, కరెంటు పోయింది. స్పీకరు నోరు మూసుకుంది.

మెయ్‌లాన్ గొడుగు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. వచ్చే ఏడాది యాత్రికుల బస్సులు ఏ ఊళ్లకు వెళ్లాలో తేల్చే పెద్దలు రాజధాని నుంచి వస్తున్నారు. ఇప్పటికే కింది మలుపు దాటారు.

"పెదనాన్నా, ఒక్క పాట. బిరడా తియ్యి."

"కరెంటు రానీ."

"లైను మీద చెట్టు పడిందట. సాయంత్రందాకా రాదు. వాళ్లు మొహం చిట్లించుకుని వెళ్లారంటే ఈ దారిన మళ్లీ బస్సు రాదు. కొమ్ము పట్టుకుని నిలబడ్డ వీళ్లందరూ ఊరొదిలి ఫ్యాక్టరీలకి పోవాలి. నేనూ పోవాలి."

"రోజూ వాయిస్తూనే ఉన్నావుగా, ఆ డబ్బాతో."

"అదే కదా నేనూ అనేది! స్పీకరు పాట విని పాడవని పైరు, బూర వింటే పాడవుతుందా? దాని చెవులకి అంత తేడా తెలుస్తుందా?"

"డబ్బాకి ఊపిరి లేదమ్మాయ్. పైరు దానికి మోసపోదు."

మెయ్‌లాన్ గావ్ వైపు తిరిగింది. "గావ్ బాబాయ్, నువ్వైనా చెప్పు."

గావ్ తన బిరడా మీద వేలు పెట్టి, షాంగ్ మొహం చూసి, వేలు తీసేశాడు. "వాడు పాట ఎత్తుకోకుండా మేమెప్పుడు ఎత్తుకున్నాం? నా పెళ్లినాడూ అంతే. వాడు తాగి పడుకుంటే లేచేదాకా పెళ్లికూతురు గుమ్మం బయటే నిలబడింది."

బస్సు వచ్చి ఆగింది.

ఏం చేయాలో షాంగ్‌కు తెలియలేదు. మెయ్‌లాన్ పాపం పిచ్చిది. న్యాంగ్ మంచాన పడ్డ రోజుల్లో పులుపు చేపల పులుసు వండి తెచ్చింది ఆ పిల్లే. కాదనడానికి నోరు రావడం లేదు, అవుననడానికి వేలు రావడం లేదు. పెద్దలు దిగుతుండగా అతను బూరను ఎత్తి, బిరడా ఉన్న నోటిని పెదవులకు ఆనించి, కుడికాలితో నేల తన్నాడు. మిగిలిన అయిదుగురూ తన్నారు. వంగారు, లేచారు, వలయంగా తిరిగారు. తడిసిన రాళ్ల మీద పాదాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆడవాళ్లు కూడా నోళ్లు మూసుకుని కొమ్ములు పట్టుకు నిలబడ్డారు.

"పాటేదమ్మా?" అన్నాడు వచ్చినవాళ్లలో ముందున్నాయన.

మెయ్‌లాన్ నోటికి అబద్ధమేదీ అందలేదు. "పైరు పెరుగుతోందండీ," అంది. "ఇప్పుడు ఊదకూడదు."

"మరి పొద్దున వచ్చినవాళ్లకి వినిపించిందట కదా?"

ఒకావిడ మాత్రం కెమెరా దించి, మడుల వైపు చూస్తూ కాసేపు నిలబడింది. తక్కినవాళ్లు గడియారాలు చూసుకున్నారు. బస్సు వచ్చిన దారినే దిగిపోయింది.

"తృప్తిగా ఉందా?" అంది మెయ్‌లాన్. "నువ్వూ నీ గడ్డీ! ఇంక నాతో మాట్లాడకు."

"సరే," అన్నాడు షాంగ్.

ఇంకేదో అనాలని నిలబడ్డాడు. ఆమె చూడలేదు. బూర భుజాన వేసుకుని, రెండు మెట్లకొకసారి ఆగుతూ మడి దాకా ఎక్కాడు. పొద్దున మెత్తిన గట్టు వానకు కొట్టుకుపోయింది. విసుగ్గా నాలుక చప్పరించి, వంగబోయి, వంగలేక గట్టు పక్క రాయి మీద కూలబడ్డాడు. కోటు గుండీలన్నీ విప్పేశాడు. అవి మాత్రం తేలిగ్గానే ఊడాయి. నీళ్లలో చిన్న చేపలు వరి మొదళ్లను పొడుస్తున్నాయి. పైరు పచ్చగా, ఏమీ ఎరగనట్టు ఊగుతోంది.

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. స్విచ్చి ఎవరూ ఆపని స్పీకరు ఆగిన చోటు నుంచి పాట అందుకుంది. ఖాళీ వాకిట్లో బూరలు మోగాయి, మధ్యలో దగ్గు వచ్చింది, మళ్లీ మోగాయి.

మెయ్‌లాన్ గిన్నెలో జిగురు అన్నం పట్టుకుని మెట్లెక్కింది. కోపం తగ్గలేదు, దారి పొడుగునా తిట్లు పేర్చుకుంటూనే వచ్చింది. "ఇదుగో, తిను. తిని ఇంటికి తగలడు," అంది దూరం నుంచే. షాంగ్ కదలలేదు. రాయికి ఆనుకుని, బూరను ఒళ్లో పెట్టుకుని, మడి వైపు తిరిగి ఉన్నాడు. ఆమె దగ్గరికి వెళ్లి గిన్నె గట్టు మీద పెట్టింది. చాలాసేపు అక్కడే కూర్చుంది.

పైరు కాలంలో పోయినవాళ్లకు ఆ ఊళ్లో డప్పే, బూర ఉండదు. గావ్ బూర పట్టుకుని శవం వెంట నడిచాడు, ఊదలేదు. షాంగ్‌కు పెట్టెలోని పాత కోటు తొడిగారు.

ఆ శరత్తులో షాంగ్ మడిని మెయ్‌లాన్ కోసింది. కంకులు నిండాయా అని అడిగినవాళ్లకు, ఏటా ఉన్నట్టే ఉన్నాయని చెప్పింది. బస్సులు వస్తాయో రావో ఇంకా తెలియలేదు. స్పీకరులో దగ్గు ఉన్న ముక్కను ఆమె కోయలేదు.

కొత్త బియ్యం ఉడికిన రోజున ఊళ్లో బిరడాలన్నీ తీశారు. ఆమె పెదనాన్న ఇంటికి వెళ్లి, పొయ్యి పైనున్న బూరను దించి, మసి తుడిచి, మళ్లీ అదే మేకుకు తగిలించింది. దాని నోట్లో గడ్డి బిరడా, ఆయన బొటనవేలు నొక్కిన చోట కొంచెం లోపలికి వంగి, అలాగే ఉంది.