నాలుగో కిలోమీటరు

నకిరేకల్ పరశురాం సోమవారం వచ్చి బండిని కొనుక్కుపోతానన్నాడు. సరేనన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

అది మా బాపు వెంకటనర్సు మోటారు సైకిలు. దాని మీదే ఆయన చీరల మూటలు వేసుకొని నలభై ఏళ్లు ఊళ్లు తిరిగాడు. ఏడాదిగా ఆ బండి ఇంటి దగ్గర చక్కగా బయలుదేరుతుంది. నాలుగు కిలోమీటర్లు పోగానే దగ్గి ఆగిపోతుంది. పెట్రోలు ఉందో లేదో మూత తీసి చూసి, కాసేపాగి కిక్కు కొడితే మళ్లీ నడుస్తుంది. దోషం కార్బ్యురేటరుదేనని నిశ్చయించుకొని మూడుసార్లు విప్పి కడిగాను. బండి ఆగడం మానలేదు.

ఆదివారం పొద్దున ఆఖరి ప్రయత్నంగా చోటే మియా షెడ్డుకు వెళ్లాను. ఆలేరులో బాపు నమ్మిన మెకానిక్ ఆయనొక్కడే.

"కార్బ్యురేటర్ ఒకసారి విప్పు చాచా."

"నువ్వు మూడుసార్లు విప్పినవ్. నాలుగోసారి నేను విప్పితే అండ్ల కెల్లి కోడిపిల్ల ఎల్లొస్తదా? నడుపు. నేను యెనక కూసుంట."

నాలుగో కిలోమీటరులో బండి ఆగింది. నేను అలవాటుగా కార్బ్యురేటరు వైపు వంగాను. ఆయన నా భుజం పట్టి ఆపి, ట్యాంకుకు చెవి ఆనించి, మూతను మెల్లగా తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది.

"విన్నవా? పెట్రోలు కిందికి దిగాల్నంటే పైకెల్లి గాలి పోవాలె. గా తొవ్వ బందైంది."

మూత నడుమ సూదిమొనంత రంధ్రం. దాని మీద పొరలు పొరలుగా ఎండిన పసుపు, కుంకుమ.

"గీ బొట్టు ఎవరు పెడ్తున్రు?"

"అమ్మ. ప్రతి శుక్రవారం. బండికి దిష్టి తగిలిందని ఈ మధ్య ఇంకా మందంగా పెడుతోంది."

చోటే మియా రోడ్డు పక్కన కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

నాకు వెంటనే నవ్వు రాలేదు. మూత తీసిన ప్రతిసారీ బండి నడిచింది. ఆ సంగతి ఏడాదిగా నా చేతికి తెలుసు, బుద్ధికి తెలియలేదు. కార్బ్యురేటరు చిక్కైనది కాబట్టే దాన్ని దోషిగా ఎంచుకున్నాను. చిక్కైనదాన్ని విప్పడంలో నాకొక గర్వం ఉండేది.

రంధ్రం శుభ్రం చేసి తిరుమలగిరి దాకా పోయి చాయ్ తాగి వచ్చాం. ఎక్కడా ఆగలేదు. బండి ఇవ్వలేనని చాయ్ తాగిన చోటి నుంచే పరశురాంకు ఫోన్ చేశాను.

అమ్మకు ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే, చోటే మియా మా ఇంటి గడపలోనే అనేశాడు: "ఆండాళు వదినే, నీ బొట్టు బండి ముక్కు మూసిందే!"

సంగతి విని అమ్మ ముఖం చిన్నబోయింది. "అయ్యో మియా, నా చేతులతోనే నా కొడుకును ఏడాది సంది ఎండల నిలవెడ్తున్ననా?"

"ఫికర్ జెయ్యకు. బొట్టు మంచిదే, జాగనే మార్చు. లైటుకు పెట్టు, తొవ్వ జూస్తది."

శుక్రవారం అమ్మ లైటుకు బొట్టు పెట్టింది. తర్వాత ట్యాంకు దగ్గరికి వచ్చి, గాజుకు వేలాడుతున్న పిన్నీసు తీసి, మూత రంధ్రంలో మెల్లగా తిప్పింది. మొనను వెలుతురులో చూసి, కొంగుకు తుడిచి, మళ్లీ గాజుకు తగిలించుకుంది.

"ఇగ పో బిడ్డా," అంది.