నా చేతి కొలత

"పార పట్టుకోవడం కూడా రాదా ఆశా? నీ చేతుల్లో అసలు బలమే లేదు" అన్నారు మా ఆయన సత్యప్రసాద్ గారు. కొవ్వూరులో ఈ ఇంటికి వచ్చిన కొత్త. వంగనారు పెడదామని మడి తవ్వుతుంటే పార జారి నా పాదం మీద పడింది. ఆయన ఎత్తుకి, ఆయన గుప్పిటకి చేయించుకున్న పార అది. కర్ర చుట్టూ నా వేళ్ళు కలిసేవి కావు. అయినా ఆయన మాటే నమ్మాను.

అప్పట్నుంచి పెరటి పనంతా వంటింటి సామానుతోనే చేశాను. అట్లకాడతో కలుపు తీశాను. కూరలు తరిగే కత్తితో మట్టి గుల్ల చేశాను. బట్టల కత్తెరతో గులాబీ కొమ్మలు కత్తిరించాను. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, అందరికీ టీ ఇచ్చి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని మట్టిలో కూర్చునేదాన్ని. అట్లకాడ వంగితే మా అత్తగారు దేవకుమారి గారు "సామానంతా మట్టిపాలు చేస్తోందిరా నీ పెళ్ళాం" అని కొడుక్కి చెప్పేవారు. ఆవిడే బెండకాయలు కోయించి, "మా వాడి తోటలోవి" అని పక్కింటికి పంపేవారు. కొన్నేళ్ళకి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. పిండి కలిపినా నొప్పే, బోర్డు మీద రాసినా నొప్పే. "నీకు మొదట్నుంచీ బలం తక్కువ కదా" అన్నారు ఆయన.

చివరికి రాజమండ్రిలో ఒక డాక్టరమ్మ నా మణికట్టు తిప్పి చూసి, "దేనితో తవ్వుతారండీ మీరు?" అని అడిగింది. అట్లకాడ అని చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ నవ్వలేదు. "మీ చేతికి సరిపడేది కొనుక్కోవచ్చు కదండీ" అంది. కొనుక్కోవచ్చు. జీతం ఉంది, బజారు దగ్గరే. ఆయన నడుముకి సరిపడే కుర్చీ కోసం షాపులన్నీ తిరిగినదాన్ని, నా చేతికీ ఒక కొలత ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

అట్నుంచటే ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళాను. "సార్‌ని పంపండమ్మా, ఆయనైతే చూసి తీసుకుంటారు" అన్నాడు కొట్టాయన.

"వాడేది నేనండీ" అన్నాను.

జానెడు చేతిపారలు ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. ఒకటి ముందుకి తూగింది. ఒకదాని పిడి లావు. ఇంకొకటి ఉత్త రేకు, బొటనవేలితో నొక్కితేనే వంగింది. ఆఖరికి, పలకా కాడా ఒకే ఇనుముతో చేసిన పార దొరికింది. పిడి చుట్టూ నా వేళ్ళు కలిశాయి. స్ప్రింగు మెత్తగా ఉన్న కొమ్మల కత్తెర కూడా ఒకటి తీసుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయన చూసి, "పిల్లలాడుకునే బొమ్మలా ఉందిది. నన్నడిగితే మంచిది తెచ్చేవాణ్ణి కదా" అన్నారు. పెరట్లోకి వెళ్ళి మడి పక్కన కూర్చుని పార గుచ్చాను. మట్టి విచ్చుకుంది. కొద్దిగా పైకెత్తితే తుంగ గడ్డలతో సహా ఊడివచ్చింది. ఇంకోచోట గుచ్చాను. నొప్పి లేదు.

అక్కడే కూర్చుండిపోయాను. బలం లేదనుకునే స్కూటీ నేర్చుకోలేదు. బలం లేదనుకునే, హెచ్.ఎం. బాధ్యత ఇస్తామంటే "నా వల్ల కాదండీ" అని చేతులు జోడించాను. ఆ కుర్చీలో తర్వాత ఎవరెవరో కూర్చున్నారు.

ఆయన గుమ్మంలోంచి చూశారు. "ఏంటి, ఏడుస్తున్నావా? చెయ్యి తెగిందా?"

"లేదండీ" అన్నాను. "తేలిగ్గా ఉంది."