అమ్మమ్మకు వినపడిన మాట

అమ్మమ్మకు చెవుడొచ్చి చాలా ఏళ్లయింది. ఆ సోమవారం కూతురి పోరు పడలేక అల్లుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చెవికి మిషను పెట్టించాడు. మిషను పనిచెయ్యగానే మొట్టమొదట వినపడింది అల్లుడి గొంతే.

"దండగేమో డాక్టరుగారూ! ఈవిడకి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే."

అమ్మమ్మ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, "గుయ్యిమంటోంది తప్ప ఏమీ వినపడట్లేదు నాయనా" అంది. కొన్నాళ్లు ఎవరికీ తెలియకుండా వింటే భలేగా ఉంటుందని ఆమెకు అక్కడికక్కడే తట్టింది.

భలేగానే ఉంది. ఇంటి కిందనున్న తమ లాండ్రీ షాపులో ఇస్త్రీ చేస్తూ కూతురు పాటలు పాడుతుందనీ, ఘోరంగా పాడుతుందనీ తెలిసింది. అల్లుడు ఫోనులో తనను 'హెడ్మాస్టరు' అంటాడనీ తెలిసింది. నవ్వాపుకోలేక దిండులో మొహం దాచుకునేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మనవరాలు బడి నుంచి ముందే వచ్చేసింది. తొమ్మిదో తరగతి. ఎప్పుడూ కిచకిచలాడుతుందని ఇంట్లో పిచ్చుక అంటారు. ఈమధ్య ఆ కిచకిచ తగ్గింది. అమ్మమ్మ మంచం మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, వినపడదన్న ధైర్యంతో చెప్పుకుపోయింది. దాని దగ్గర ఘాటు వాసన.

"మళ్లీ కొట్టారమ్మమ్మా, పై క్లాసు వాళ్లు. బాత్రూముల వెనక. రోజూ అంతే. తాగితే భయం పోతుందని ఒకమ్మాయి మందు సీసా ఇచ్చింది. పోతుంది, కాసేపే. తర్వాత ఇంకా అధ్వానం. ఇవాళైతే చచ్చిపోతే పీడా పోతుందనిపించింది."

అమ్మమ్మ ఆ చెయ్యి వదలకుండా అడిగింది.

"నిజంగానే చచ్చిపోవాలని ఉందటే నీకు?"

పిచ్చుక నోరు తెరిచింది. "నీకు వినపడుతోందా?"

"సోమవారం నుంచీ."

"నాన్న నిన్ను హెడ్మాస్టరనడం కూడానా?"

"మీ నాన్న సంగతి తర్వాత చూస్తా. ముందు నువ్వు చెప్పు."

పిల్ల ఫక్కున నవ్వింది, ఆ నవ్వులోనే భోరుమంది. "ఒక్కోసారి అనిపిస్తుంది. ఇవాళ ఎక్కువగా అనిపించింది."

"చెప్పావు, మంచిపని చేశావు. కానీ ఇది నా కడుపులో దాచుకునే మాట కాదు. పద, మీ అమ్మ దగ్గరికి."

"తాగానని తిడుతుంది."

"తిట్టనీ. పక్కన నేనుంటాగా."

కూతురు తిట్టలేదు. అంతా విని, ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి, పిల్లను వాటేసుకుంది. సాయంత్రం లోపే అందరూ మనసు సంగతులు చూసే డాక్టరమ్మ దగ్గరున్నారు. "దెబ్బలు, తాగుడు, ఈ ఆలోచనలు ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. తప్పు నీది కాదు. మెల్లగా విడదీద్దాం. అప్పటిదాకా ఒంటరిగా ఉండకు" అందావిడ.

మర్నాడు బడిలో ప్రిన్సిపాలు, "పిల్లలన్నాక కాస్త..." అని నసిగాడు.

"వినపడలేదు బాబూ, మళ్లీ చెప్పు" అంది అమ్మమ్మ.

మళ్లీ చెప్పాడు. ఇంకోసారి చెప్పించింది. ఈసారి ఆయన మాట మధ్యలోనే ఆగిపోయి, కొట్టినవాళ్ల తల్లిదండ్రులను పిలిపించాడు. బాత్రూముల వెనక మనిషిని కాపలా పెట్టాడు.

అంతటితో అన్నీ సర్దుకోలేదు. తాగుడు మానడం పిల్లకు తేలికేమీ కాలేదు. కొన్ని రోజులు బరువుగానే గడిచాయి. అలాంటి ఒకరోజు పిచ్చుక తనంతట తానే షాపులోకి వచ్చి, "అమ్మా, ఇవాళ నాకేం బాగాలేదు" అంది.

తల్లి కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ఇద్దరూ మాటల్లో పడ్డారు. బట్టల కోసం వచ్చినవాళ్లు గుమ్మంలో చాలాసేపు నిలబడాల్సి వచ్చింది.