ముచ్చట్లకొచ్చే స్తంభం

పొద్దుగాల పది కాంగనే హుస్నాబీ గల్లీల ఆడోళ్లు చాటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతరు. బీడీలతోటి ముచ్చట్లు. ఆ ముచ్చట్లు ఇననీకి పెద్ద బజారుల రామేశ్వర్ సేటు దుకాణం ముందటి కరెంటు స్తంభం నడుసుకుంట వస్తది, మాపటికి వాపసు పోతది. లైన్‌మన్ సిద్ధయ్య దానికోసం తీగె జర లూజు ఇడిసిపెట్టిండు. ఇంకెవ్వలికి పట్టింపు లేదు.

పట్టింది ఒక్క జగదీశ్వర్ సారుకే. కాలేజీల పాఠాలు చెప్పుకుంటనే, ఊర్ల కరెంటు ఎవరి గడపకొచ్చింది, ఎవరి గడపకు రాలేదని నాలుగేండ్ల సంది పరిశోధన చేస్తుండు. పంతొమ్మిదొందల ఎనభై ఏడు ఎండకాలం ఆయనకు ఎరుకైంది, హుస్నాబీ గల్లీని కూలగొట్టి సబ్‌స్టేషను కడుతరట. ఆఫీసోళ్ల లెక్కల స్తంభం లేని జాగ అంటే మనుషులు లేని జాగ. ఇరవై రెండు ఇండ్లున్న గల్లీని ఊరి నక్షల ఖాళీ జాగ అని రాసిన్రు. సారుకు ఒళ్లు మండింది. దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టంగ పెట్టంగ, గల్లీల స్తంభం ఉన్నదో లేదో బేస్తారం నాడు చూడనీకి వస్తనని ఇంజనీరు కబురు పంపిండు.

బేస్తారం పన్నెండైంది, ఒంటిగంటైంది, ఇంజనీరు రాలే. ముచ్చట్లు ఒడిసినయ్. స్తంభం ఎనుకకు మర్రింది. బేజారైన సారు దాన్ని ఆపనీకి సంచిలకెంచి థీసిస్ తీసి మొదటి అధ్యాయం సదువుడు షురూ చేసిండు. స్తంభం ఇంకింత జోరుగ నడిచింది.

"గది బంద్ జెయ్యి సారూ," అన్నది గల్లీల పెద్దామె హుస్నాబీ. "నీ పెండ్లాం నిన్ను ఇడిసి దౌల్తాబాద్ అవ్వగారింటికి ఎందుకు పోయింది, గది చెప్పు."

సారు ముఖం కందగడ్డయింది. అయినా ఇండ్లు పోతయన్న రంధితోటి నోరిప్పిండు. పెండ్లాం జ్ఞానేశ్వరి స్టవ్వుల ఏ దినం ఎంత గ్యాసునూనె కాలబెట్టిందో గ్రాఫు గీసి వంటింటి గోడకు అతికిచ్చిండట. వాళ్ల అవ్వగారోళ్లు వచ్చిన దినాలకు ఎర్ర సిరా వేసిండట. బీడీలు చుట్టే చేతులన్ని ఆగినయ్. స్తంభం ఉరికొచ్చి సారు పక్కకే నిలవడ్డది.

గప్పుడే ఇంజనీరు జీపు దిగిండు. స్తంభాన్ని చూసిండు, టేపు పెట్టి కొలిసిండు. సోమారం ఆఫీసుల పెద్దసారొచ్చి చూస్తడు, గప్పటికి స్తంభం గీడనే ఉంటే నక్ష మారుస్తమని చెప్పి పోయిండు.

సోమారం దాంక దీన్ని ఎట్ల ఆపాలె అని సారు తల పట్టుకున్నడు. హుస్నాబీకి ఏ రంధి లేదు.

"సగం కథనే ఇన్నది గది, ఇంక యాడికి పోదు. నీ పెండ్లాం దిక్కు మాట గూడ ఇనాలె గద. పోయి తోల్కరా."

ఆయితారం సారు దౌల్తాబాద్ బస్సెక్కిండు. గ్రాఫు చింపిన, తప్పైందని అత్తగారింటి వాకిట్ల నిలవడి చెప్పిండు.

సోమారం జ్ఞానేశ్వరి ఆడోళ్ల నడుమ చాట ముందలేసుకొని కూసున్నది. సారుకు ఎంత సంతోషమో గంత సిగ్గు.

"మీకు ఒక్క గ్రాఫు ముచ్చటనే చెప్పిండా?" అన్నదామె.

పెద్దసారు పొద్దుగూకంగ వచ్చిండు. గప్పటికే స్తంభం మోకాలు లోతు భూమిల దిగవడి, మంచిగ కుదురుకొని కూసున్నది.